కుక్కపిల్లకు మేకపాలు: మేలెంత, మెలకువలేమిటి?

కోటబొమ్మాళి పరిసరాల్లోని ఒక పాల సంఘానికి మేము వెళ్ళిన ఉదయం, పాలు పోసి గిన్నె కడుక్కుంటున్న ఒక సభ్యురాలు మమ్మల్ని ఆపి ఒక ప్రశ్న అడిగింది. రెండు రోజుల క్రితం వాళ్ళ కుక్క రహదారి మీద లారీ కిందపడి చనిపోయింది. ఇంట్లో ఇంకా కళ్ళు తెరవని పిల్లలు నాలుగు మిగిలాయి. "మేకపాలు పోస్తన్నాం బావూ. మేకపాలు చలవంట, కుక్కకి మంచిదంట. తాగుతన్నాయి గానీ పొట్టలుబ్బి ఏడుస్తన్నాయి. ఇదేటి?" అని ఆమె ప్రశ్న.

వెళ్ళి చూశాము. పాలు మంచివే, ఆ ఉదయం పిండినవే. కాని కాచలేదు. చల్లారిపోయిన ఆ పాలను, ఇంట్లో పదేళ్ళ అబ్బాయి కుక్కపిల్లను వెల్లకిలా పడుకోబెట్టి, దూదివత్తితో నోట్లో పిండుతున్నాడు. ముట్టుకుంటే పిల్లలు చల్లగా ఉన్నాయి. మిగిలిన పచ్చిపాలు ఆ అబ్బాయే తాగుతున్నాడని కూడా అప్పుడే తెలిసింది.

కుక్కల ముచ్చట పాల సంఘాల పత్రికలో ఎందుకని కొందరు సభ్యులు నవ్వుకోవచ్చును. కాని మన పాక కాపలా కుక్కదే. గేదె ఉన్న ఇంట ఒకటి రెండు మేకలుండడమూ వాడుకే. పైగా ఇప్పుడు పట్టణాల్లో కుక్కలకోసమని మేకపాల పొడిని డబ్బాల్లో అమ్ముతున్నారు. అది సర్వరోగ నివారిణి అన్నట్లు ప్రచారం సాగుతున్నది. ఆ మాట పల్లెకు చేరడానికి ఎంతోకాలం పట్టలేదు. కనుక ఉన్నదేమిటో, లేనిదేమిటో విడమరచి చెప్పుకోవడం అవసరమని భావించాము.

మేకపాలకు మన దేశంలో ఇంత గౌరవం రావడానికి గాంధీగారు కూడా కొంత కారణం. 1912లో పాలు మానివేసిన ఆయన, జబ్బుపడి 1919లో కస్తూరిబా మాటమీద మేకపాలు పుచ్చుకోవడం మొదలుపెట్టారు. అక్కడినుంచి మేకపాలంటే తేలిక, చలవ, పథ్యం అనే అభిప్రాయం దేశమంతటా స్థిరపడింది. ఇందులో కొంత నిజమున్నది.

పాలలోని వెన్న చిన్నచిన్న బొట్లుగా ఉంటుంది. మేకపాలలో ఈ బొట్లు ఆవుపాలలో కంటె సన్ననివి. వాటిని గుంపుగూర్చే పదార్థం కూడా మేకపాలలో లేదు. అందుచేతనే మేకపాలను కదపకుండా ఉంచినా మీగడ త్వరగా పైకి తేలదు. కడుపులో విరిగినప్పుడు వచ్చే గడ్డ కూడా మెత్తగా, వదులుగా ఉంటుంది. జీర్ణరసాలు దానిలోకి తొందరగా దిగుతాయి. మేకపాల కొవ్వులో ఒక రకం ఆమ్లాలు హెచ్చు. వాటికి కాప్రిక్, కాప్రిలిక్, కాప్రోయిక్ అనే పేర్లు రావడానికి కారణం లాటిన్‌లో మేకకు కాప్రా అనే పేరుండడమే. ఇవి తేలికగా ఒంటబట్టే కొవ్వులు. ముసలి కుక్కకు, జబ్బుపడి లేచి మేత ముట్టని కుక్కకు కాచిన మేకపాలు కొద్దిగా పోస్తే మూతిపెట్టడానికి ఇదొక కారణం.

కాని మేకపాలలో పాల చక్కెర ఉండదని చెప్పేది మాత్రం శుద్ధ అబద్ధం. లాక్టోజ్ అనే ఈ చక్కెర ఆవుపాలలో నూటికి సుమారు 4.7 పాళ్ళుంటే మేకపాలలో 4.4 పాళ్ళుంటుంది. తేడా అంతే. తల్లిపాలు మానిన తరువాత కుక్క కడుపులో ఈ చక్కెరను అరిగించే శక్తి తగ్గిపోతుంది. అందువల్ల ఎదిగిన కుక్కకు ఒక్కసారిగా గిన్నెడు పాలు పోస్తే, ఆవువైనా మేకవైనా విరేచనాలు పట్టుకోవచ్చును. మొదట రెండు చెంచాలు పోసి రెండు రోజులు చూడవలెను. పేడ గట్టిగానే ఉంటే కొంచెం పెంచవచ్చును. పది కిలోల కుక్కకు రోజుకు అర టీ గ్లాసు చాలును. అంతకు మించితే అది తినవలసిన అన్నం, గుడ్డు, చేప తగ్గిపోతాయి. తోడుపెట్టిన పెరుగైతే చక్కెర కొంత పులిసిపోయి ఉంటుంది గనుక మరింత నయం. మజ్జిగన్నం తిని బతికిన మన ఊరకుక్కల సంగతి ఈ లెక్కకు సరిగా సరిపోతుంది.

గజ్జి పట్టిన కుక్కకు మేకపాలు తాగిస్తే తగ్గుతుందని కొందరంటారు. తగ్గదు. గజ్జికి కారణం చర్మంలోని పురుగు. దానికి మందు పశువైద్యశాలలో ఉన్నది. పిల్లకుక్కకు నెత్తురు విరేచనాలు పట్టుకున్నప్పుడు కూడా పాలు పోసి కాలయాపన చేయరాదు. అది పార్వో రోగం కావచ్చును. ఈ రోగం ప్రపంచంలో 1978 ప్రాంతంలో బయటపడింది. దీనికి టీకా ఉన్నది. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటిది వేయించి, తరువాత డాక్టరు చెప్పిన ప్రకారం మళ్ళీ వేయించవలెను. మూడు నెలలకు పిచ్చికుక్క వ్యాధి టీకా తప్పనిసరి. ఈ రెంటికీ బదులుగా ఏ పాలూ పనిచేయవు.

ఇక పచ్చిపాల సంగతి. ఇక్కడ సభ్యులు కొంచెం నిదానంగా చదవవలెనని మనవి.

మధ్యధరా సముద్రంలో మాల్టా అనే చిన్న ద్వీపమున్నది. అక్కడ మేకలను వీధివెంట తోలుకొచ్చి, గుమ్మం ముందే పాలు పితికి పోసేవారు. ఆ ద్వీపంలో ఉన్న బ్రిటిష్ సిపాయిలకు వచ్చిపోయే జ్వరమొకటి పట్టుకునేది. చెమటలు, కీళ్ళ నొప్పులు, వారాల తరబడి నీరసం. డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు 1887లో దాని క్రిమిని కనిపెట్టాడు గాని అది ఎక్కడనుంచి వస్తున్నదో అంతుబట్టలేదు. 1905లో థెమిస్టొక్లీస్ జామిట్ అనే మాల్టా వైద్యుడు మేకలను పరీక్షించి చూస్తే, ఏ జబ్బూ లేనట్లు నిక్షేపంగా తిరుగుతున్న మేకల నెత్తురులో ఆ రోగం గుర్తులు దొరికాయి. తరువాత పాలలోనూ ఆ క్రిమి కనిపించింది. 1906లో సిపాయిల భోజనంలోనుంచి మేకపాలు తీసివేశారు. జ్వరాలు ఒక్కసారిగా పడిపోయాయి.

ఆ క్రిమి పేరే బ్రూసెల్లా. మనం ఈసుకుపోవు రోగమనేది దీనివల్లనే. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం కింద 4 నుంచి 8 నెలల ఆవు పెయ్యలకు, గేదె పెయ్యలకు దీని టీకా వేస్తున్నారు. ఆ టీకా మేకలకోసం కాదు. కనుక మేక విషయంలో జాగ్రత్త అంతా మన చేతిలోనే ఉన్నది. పాలు పొంగు వచ్చేవరకు కాస్తే ఈ క్రిమి చస్తుంది. అంత తేలికైన పనికి బద్ధకించి, పచ్చిపాలలో బలమున్నదని చెప్పే మాటలు నమ్మి కుక్కకు పోస్తే, కుక్కకు రోగం అంటవచ్చును. కుక్కనుంచి ఇంట్లోవాళ్ళకు రావచ్చును. పోసే పిల్లవాడు గిన్నె అంచు నాకితే కుక్కతో పనిలేకుండానే వస్తుంది.

పాలకంటె పెద్ద ప్రమాదం మరొకటున్నది. మేక ఈనినప్పుడు పడే మావిని కుక్క లాక్కుపోవడం మనకు అలవాటైన దృశ్యం. నెలలు నిండక కడుపు జారిన మేక అయితే, ఆ మావిలో, చచ్చిన పిల్లలో క్రిమి కుప్పలుగా ఉంటుంది. దానిని చేతితో ముట్టకుండా తీసి, సున్నం చల్లి లోతుగా పాతిపెట్టవలెను. ఆ మేక పాలు ఎవరికీ పోయరాదు. పశువైద్యశాలలో నెత్తురు పరీక్ష చేయించవలెను. నారాయణవలస సంతలో మేకను కొనేటప్పుడు పళ్ళు చూస్తాం, పొదుగు చూస్తాం; కిందటి ఈత నిండుగా ఈనిందా అని కూడా అడగవలెనని మా సలహా. అమ్మేవాడు నిజం చెప్పకపోవచ్చునన్న మాట మేమూ ఎరుగుదుము. అందుకే కొన్నాళ్ళు మందకు దూరంగా కట్టి చూడడం మంచిది. సూది మందు వేయించిన మేక పాలను కూడా డాక్టరు చెప్పిన గడువు దాటేవరకు కుక్కకు పోయరాదు. మనుషులకు పనికిరాని పాలు కుక్కకు పనికివస్తాయనుకోవడం పొరపాటు.

ఇప్పుడు తల్లిలేని పిల్లల దగ్గరకు వద్దాము. ఆ సభ్యురాలికి మేము చెప్పిన మొదటి మాట పాల గురించి కాదు, వెచ్చదనం గురించి. పుట్టిన మొదటి వారాల్లో కుక్కపిల్ల తన ఒంటిని తాను వెచ్చబెట్టుకోలేదు. ఒళ్ళు చల్లబడితే కడుపు పనిచేయదు. అప్పుడు పోసిన పాలు అరగక పులిసి పొట్ట ఉబ్బుతుంది. గంపలో గోనె, దానిమీద పాత చీర వేసి, వేడినీళ్ళు నింపిన సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టమన్నాము. పిల్ల ఒళ్ళు వెచ్చబడిన తరువాతనే పాలు.

రెండవది, మేకపాలు ఒక్కటే పోస్తే చాలదు. కుక్క పాలు ఎంత చిక్కనివో మన పాల లెక్కలోనే చెప్పుకోవచ్చును. మేకపాలలో వెన్న నూటికి సుమారు 4, మాంసకృత్తులు సుమారు మూడున్నర. కుక్క పాలలో వెన్న 9 దాకా, మాంసకృత్తులు 7 దాకా ఉంటాయి. అంటే వట్టి మేకపాలతో పెరిగే పిల్ల కడుపునిండా తాగినా సగం ఆకలితోనే ఉంటుంది. మన గేదెపాలు వెన్నలో మేకపాలకంటె కుక్క పాలకు దగ్గర. ఇది విని ఆ సభ్యురాలు నవ్వి, "అయితే సంగానికి పోసిన పాలే పొయ్యాలా?" అన్నది. కాని వాటిలోనూ మాంసకృత్తులు 4 దగ్గరే ఆగిపోతాయి. చక్కెర కుక్క పాలలో కంటె ఎక్కువ.

పట్టణంలో కుక్కపిల్లల పాలపొడి దొరికితే అది కొనడమే ఉత్తమం. అది చేతికందేలోగా ఒకటి రెండు రోజులు గడపడానికి ఒక ఉపాయమున్నది. కాచిన మేకపాలు 200 మిల్లీలీటర్లు, రెండు కోడిగుడ్ల పచ్చసొన. పాలు వేడిగా ఉండగానే సొనను కొద్దికొద్దిగా కలిపి, మళ్ళీ సెగ చూపి, వడగట్టవలెను. దీనితో వెన్న 7 పాళ్ళకు, మాంసకృత్తులు 5 పాళ్ళకు చేరుతాయి. తెల్లసొన వద్దు. పంచదార వద్దు, తేనె వద్దు. నీళ్ళు అసలే కలపరాదు. పాలను నీళ్ళతో పలచన చేస్తే ఏమవుతుందో పాల సంఘం వారికి వేరే చెప్పనక్కరలేదు.

ఈ పాలను చేతి మణికట్టుమీద వేసుకుంటే గోరువెచ్చగా తగలవలెను. సూది తీసిన సిరంజితోగాని, చిన్న పాలపీకతోగాని చుక్కచుక్కగా పట్టవలెను. పిల్ల బోర్లా ఉండాలి, తల్లి దగ్గర తాగేటప్పుడు ఎట్లా ఉంటుందో అట్లాగే. వెల్లకిలా పడుకోబెట్టి పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చిపోతుంది. ఎంత పోయాలని అడిగితే, ప్రతి 100 గ్రాముల బరువుకు రోజు మొత్తానికి 20 మిల్లీలీటర్లు. 300 గ్రాముల పిల్లకు 60 మిల్లీలీటర్లు; దానిని ఎనిమిది మార్లుగా పంచితే మారుకు ఏడెనిమిది మిల్లీలీటర్లు. రాత్రిపూట కూడా లేవవలసిందే. తాగిన ప్రతిసారి వెచ్చని తడిగుడ్డతో పొట్ట కింద, తోక కింద మెల్లగా తుడవవలెను. తల్లి నాకితేగాని ఆ వయసు పిల్లలు మూత్రం, మలం విడవవు. చాలామంది ఎరుగని సంగతి ఇది. రోజూ కాటాలో తూచి బరువు రాసుకోవలెను. బరువు పెరగకపోయినా, ఒక పూట తాగడం మానినా పశువైద్యశాలకు పోవలెను.

మూడు వారాలు దాటి కళ్ళు విప్పి తిరిగే పిల్లకు ఇంత శ్రమ లేదు. మెత్తగా పిసికిన అన్నంలో కాచిన మేకపాలు, ఉడికిన గుడ్డు కలిపి పళ్ళెంలో పెడితే అదే నేర్చుకుంటుంది. మేకపాలు నిజంగా అక్కరకు వచ్చే వయసు ఇదేనని మా అభిప్రాయం.

మేకపిల్ల వాటా సంగతి కూడా మరువరాదు. మన ప్రాంతానికి ఒడిశా సరిహద్దు దగ్గర. ఆ వైపు గొల్లలు పెంచే గంజాం మేకలు ప్రధానంగా మాంసానికి పనికివచ్చే జాతి. పంజాబు బీటల్ మేకలాగ లీటర్లకొద్దీ పాలివ్వవు. ఇచ్చే కొద్దిపాలు పిల్లకు చాలిన తరువాతనే మరొకరికి. కుక్కపిల్లను బతికించబోయి మేకపిల్లను చిక్కబెట్టుకుంటే సంతలో ఆ నష్టం కనబడుతుంది. మిగిలిన మేకపాలను గేదెపాలలో కలిపి సంఘానికి తేవడం మాత్రం ఎట్టి పరిస్థితిలోను చేయరాదు. వెన్న శాతం పడిపోయి మీ ధరే తగ్గుతుంది, వాసన తేడా వస్తే డబ్బా మొత్తం తిరిగివస్తుంది.

పదిరోజుల తరువాత మేము మళ్ళీ ఆ సంఘానికి వెళ్ళాము. నాలుగింటిలో ఒకటి మొదటి రాత్రే పోయింది. మూడు కళ్ళు తెరిచాయి. అబ్బాయి నోటుపుస్తకం వెనక పేజీలో వాటి బరువులు రోజువారీగా రాసి ఉన్నాయి, సంఘం పాల లెక్కల మాదిరిగానే గళ్ళు గీసి. పొయ్యిమీద మేకపాలు కాగుతున్నాయి. అందులో తనకూ ఒక గ్లాసున్నదని వాడు చెప్పాడు. మూడింటిలో ఒక దానిని సంఘం పాలగది కాపలాకు ఇస్తామని వాళ్ళమ్మ అన్నది. టీకాలు అయ్యాకనే తీసుకుంటామని కార్యదర్శి బదులిచ్చారు.