మన పనికి మనమే లెక్క రాద్దాం

"మీ ఆయన సంపాదిస్తున్నాడుగా, నీకెందుకమ్మా అంత జీతం?" ఈ మాట వినని ఆడపిల్ల మనలో ఎవరైనా ఉందంటావా చెల్లీ? అమలాపురం బట్టల కొట్లో పొద్దస్తమానం నిలబడి చీరలు పరిచే అమ్మాయీ వినే ఉంటుంది, కొత్తపేటలో ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పే టీచరమ్మా వినే ఉంటుంది. అన్నవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, వాళ్ళ ఇళ్ళల్లోనూ అదే విని పెరిగారు. మనం కూడా నవ్వేసి ఊరుకుంటాం. రాత్రి పడుకున్నాక మాత్రం "నా పనే తక్కువేమో" అని ఒక గుబులు మొదలవుతుంది చూడు, దాని సంగతి ఇవాళ తేల్చేద్దాం. టీ చల్లారకముందే తాగు, చెబుతాను.

ముందు చేలోంచే మొదలుపెడదాం. మన కోనసీమలో ఏ ఊరెళ్ళినా కూలికి రెండు రేట్లు వినబడతాయి, మగ కూలి, ఆడ కూలి అని. ఎందుకలా అంటే, "మగాళ్ళది బరువు పని, మీది తేలిక పని" అంటారు. మోకాలి లోతు బురదలో పొద్దుటి నుంచీ వంచిన నడుం ఎత్తకుండా ఊడ్చే పని తేలికెలా అయిందమ్మా? నారు విరక్కూడదు, వరస చెదరకూడదు, లోతు ఎక్కువా తక్కువా కాకూడదు. ఎప్పుడూ చెయ్యనివాళ్ళు దిగితే గంటలో గట్టెక్కేస్తారు. చిన్నప్పటి నుంచీ చేతికి నేర్పుకున్న విద్య అది. మనకి సులువుగా వస్తోంది కదా అని దాన్ని సులువైన పని కింద జమకట్టేస్తే ఎలా?

ఈ బాధ మనకొక్కళ్ళకే అనుకోకు. 1968లో లండన్ దగ్గర డాగెన్‌హామ్‌లో, ఫోర్డు కార్ల ఫ్యాక్టరీలో సీట్ల కవర్లు కుట్టే ఆడవాళ్ళకి ఇలాగే జరిగింది. వాళ్ళది నైపుణ్యం తక్కువ పని అని కంపెనీ కింది గ్రేడులో వేసింది. వాళ్ళు మిషన్లు ఆపేశారు. సీట్లు లేని కారు ఎవరు కొంటారు? కొన్ని వారాల్లో ఫ్యాక్టరీ మొత్తం నిలిచిపోయింది. బార్బరా కాసిల్ అని ఆడ మంత్రి వాళ్ళని పిలిచి మాట్లాడితే, మగాళ్ళ రేటులో 92 శాతం ఇవ్వడానికి ఒప్పుకున్నారు. 1970లో ఆ దేశంలో సమాన వేతన చట్టం వచ్చింది. వాళ్ళది నైపుణ్యం ఉన్న పనేనని ఒప్పించడానికి మాత్రం 1984లో మళ్ళీ సమ్మె చెయ్యాల్సొచ్చింది. డబ్బు పెంచడం కన్నా "నీకు పని వచ్చు" అని ఒప్పుకోవడమే జనానికి కష్టం, చూశావా?

మన దగ్గర ఆడవాళ్ళకి ఇందులో ఒక తెలివైన పద్ధతి ఉండనే ఉంది. ఊడుపులు రోజు కూలికి కాకుండా ఎకరానికింత అని గుత్తకి మాట్లాడుకుంటారు కదా, అది. పదీ పదిహేను మంది ఒక జట్టుగా ఉండి, ఒకావిడ ముందుండి బేరం చేస్తే, "ఆడ కూలి ఇంత" అనే మాటే అక్కడ రాదు. ఎకరం ఊడ్చామా, డబ్బు లెక్కపెట్టి ఇచ్చారా, అంతే. విడివిడిగా వెళ్ళి అడిగితే ఒక్కొక్కరి మొహమాటం ఒక్కొక్కరిది. అందుకే జట్టు వదలకండి. గుత్త అని చెప్పి తిండీ నీళ్ళూ మానేసి ఒళ్ళు విరుచుకోకండి కూడా. ఆ తర్వాత మోకాళ్ళ నొప్పులకి మందులు కొనేది కూడా మనమే.

రాజోలు వైపు చెల్లెళ్ళూ, ఇది మీకు. సఖినేటిపల్లి రేవు దాటితే నరసాపురం. అటూ ఇటూ ఊళ్ళల్లో అరుగుల మీద కూర్చుని అల్లే లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మనందరికీ గర్వమే. మరి అల్లిన చేతికి ఎంత వస్తోంది? మరియా మీస్ అని జర్మనీ నుంచి ఒకావిడ వచ్చి, నరసాపురం లేసు అల్లేవాళ్ళ మధ్య తిరిగి, వివరాలు రాసుకుని 1982లో ఒక పుస్తకం తెచ్చింది. ఇంటి పని కాక రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లినా, వాళ్ళకి వచ్చింది పొలం కూలి చేసే ఆడవాళ్ళ కనీస వేతనంలో మూడో వంతు కూడా లేదు. ఆ లేసు మాత్రం ఓడలెక్కి విదేశాలకి వెళ్ళేది. ఎగుమతిదారులూ వ్యాపారులూ దాదాపు అందరూ మగవాళ్ళే.

ఎందుకలా జరిగిందో తెలుసా? "మా ఇంటి ఆడవాళ్ళు పనికి వెళ్ళరు, ఖాళీగా ఉన్నప్పుడు లేసు కుట్టుకుంటారు" అని ఇంట్లోవాళ్ళూ అన్నారు, ఏజెంటూ అన్నాడు, చివరికి అల్లేవాళ్ళూ అదే నమ్మారు. గడప దాటలేదన్న పరువు కోసం పెద్ద మూల్యమే కట్టారు పాపం. ఎండలో చేలోకి వెళ్ళిన ఆవిడకి, తక్కువైనా సరే, సాయంత్రానికి ఇంత అని కూలి తెలుసు. నీడపట్టున కూర్చున్న ఆవిడకి తను ఎన్ని గంటలు పనిచేసిందో కూడా తెలీదు. అందుకని నువ్వు ఒక్క పని చెయ్యి తల్లీ. ఈసారి పీసు మొదలుపెట్టినప్పుడు పిల్లల పాత నోటుబుక్కులో టైము రాయి, లేచినప్పుడు మళ్ళీ రాయి. పీసు పూర్తయ్యాక ఏజెంటు ఇచ్చిన డబ్బుని గంటలతో భాగించు. వచ్చిన అంకె చూస్తే నీకు కోపం రావచ్చు. రానీ. ఆ కాగితం డ్వాక్రా మీటింగుకి పట్టుకెళ్ళు, నలుగురి లెక్కలూ పక్కపక్కన పెట్టండి. వచ్చే ఆర్డరుకి అందరూ ఒకే రేటు చెప్పండి.

చదువుకుని ఉద్యోగం చేసే చెల్లెలికి ఈ బాధ లేదా అంటే, ఎందుకు లేదు! 2023లో అమెరికాలో ఏడాది పొడుగునా పూర్తి ఉద్యోగం చేసిన మగవాళ్ళకి డాలరు వస్తే ఆడవాళ్ళకి వచ్చింది 83 సెంట్ల దగ్గర. జపాన్‌లో తేడా అయిదో వంతుకి పైనే, దక్షిణ కొరియాలో 30 శాతం దాకా. ఈ తేడా ఎక్కడ పుడుతోందో క్లాడియా గోల్డిన్ అని ఒకావిడ రెండు వందల ఏళ్ళ అమెరికా లెక్కలు తిరగేసి చూపించింది. 2023లో ఆవిడకి ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఈ రోజుల్లో ఒకే చదువు, ఒకే ఉద్యోగంతో మొదలైన ఇద్దరి మధ్య జీతాలు ఎక్కువగా విడిపోయేది మొదటి బిడ్డ పుట్టాకేనట. మన ఇళ్ళల్లో చూడటం లేదా? పిల్లకి జ్వరం వస్తే సెలవు ఎవరు పెడతారు? అంచేత ఈ ముచ్చట మీ ఆయన్ని కూడా కూర్చోబెట్టి చెప్పు. పిల్ల సెలవులు చెరి సగం అని ముందే అనుకోండి. బిడ్డ పుట్టిందని ఉద్యోగం మానేయకు, చట్టం ప్రకారం 2017 నుంచి మొదటి రెండు కాన్పులకీ 26 వారాల జీతంతో సెలవు ఉంది. పదిమందీ అంతకు మించీ పనిచేసే చోట అది మన హక్కు.

మన వైపు నుంచి కువైట్‌కి వెళ్ళిన అక్కచెల్లెళ్ళని మరిచిపోతే పాపం. ఇంటి పనివాళ్ళకి నెలకి కనీసం 60 దీనార్లని ఆ దేశం 2016లో పెట్టింది. మరుసటి ఏడు ప్రైవేటు కంపెనీల కార్మికులకి 75 చేసింది, ఇంటి పనిని అందులో కలపలేదు. అంటే పొయ్యి దగ్గర చేసే పనికి అక్కడా చిన్నచూపే. వెళ్ళాలనుకుంటే తెలిసినవాళ్ళ మాట మీద విమానం ఎక్కకు. ముప్పై నిండని ఆడవాళ్ళని గల్ఫ్‌లో ఇంటి పనికి మన ప్రభుత్వం అనుమతించదు, వయసు దిద్దిస్తామన్న ఏజెంటు గడప తొక్కకు. జీతం ఎంతో రాసున్న కాంట్రాక్టు కాపీ ఒకటి అమ్మ దగ్గర ఉంచు.

ఇంత చెప్పాక, "అడిగితే ఉన్నది కూడా పోతుందేమో" అని భయం వేస్తోంది కదూ? వేస్తుంది. ఐస్‌లాండ్‌లో ఆడవాళ్ళకీ వేసే ఉంటుంది. 1975 అక్టోబరు 24న నూటికి తొంభైమంది ఆఫీసు పనీ ఇంటి పనీ మానేశారు, వేలమంది వీధుల్లోకి వచ్చారు. 25 మందీ అంతకు మించీ పనిచేసే సంస్థ సమానంగా జీతాలిస్తున్నట్టు తనే రుజువు చూపించుకోవాలన్న చట్టం 2018లో అక్కడ అమల్లోకి వచ్చింది. అయినా తేడా పూర్తిగా పోలేదని 2023లో మళ్ళీ ఒక రోజు మానేశారు, అప్పటి ప్రధాని కాట్రిన్ కూడా మానేసింది.

మన జిల్లాకి అంబేడ్కర్ గారి పేరు పెట్టుకున్నాం. ఆయన అధ్యక్షత వహించిన సంఘం రాసిన రాజ్యాంగంలోనే, 39(డి)లో, ఆడా మగా తేడా లేకుండా సమాన పనికి సమాన వేతనం అని ఉంది. 1976లో దానికి చట్టం వచ్చింది, 2019 వేతనాల కోడ్‌లోనూ అదే మాట ఉంది: ఒకే యజమాని దగ్గర ఒకే రకం పని చేసేవాళ్ళకి ఆడామగా తేడాతో జీతం తగ్గించకూడదు. కాబట్టి నువ్వు అడిగేది దయ కాదు. ముందు నీతోపాటు పనిచేసే అబ్బాయిని మంచిగానే అడుగు, "తమ్ముడూ, నీకెంత ఇస్తున్నారు?" అని. చాలామంది చెబుతారు. ఆ తర్వాత యజమానిని ఒంటరిగా కాకుండా ఇద్దరు ముగ్గురు కలిసి, పండగ రద్దీ లేని రోజు చూసుకుని అడగండి. ఆయనా మన ఊరివాడే, వింటాడు. వినకపోతే కార్మిక శాఖ ఆఫీసు ఉంది. ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ వకీలుని ఉచితంగా ఇస్తుంది, 15100కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. ఆ నంబరు ఇప్పుడే ఫోనులో ఎక్కించుకో, పక్కింటి అమ్మాయికి కూడా పంపు.