కోరంగి నేర్పే పాఠం



నేడు మన పిల్లలు కొలువుకై సైబరాబాద్ చేరినట్లు, 19వ శతాబ్దంలో తెలుగువారు ఓడలెక్కి బర్మా వెళ్లారు. కోరంగి రేవు పేరు మీదనే అక్కడివారు వారిని ‘కోరంగీలు’ అనేవారు.

కాకినాడ చేరువలో, గోదావరి పాయ సముద్రాన్ని కలిసేచోట, మడ అడవుల నడుమ వెలసిన రేవు కోరంగి. అక్కడ ఓడలు కట్టేవారు. 1789లోను, 1839లోను ఉప్పెనలు ఆ ఊరిని ముంచెత్తాయి. పూడిక పేరుకొని రేవు క్షీణించింది. వర్తకం కాకినాడకు తరలింది. రేవు పోయినా అడవి నిలిచింది. 1978లో అది అభయారణ్యమైంది. మడచెట్ల వేళ్లు ఒండ్రును పట్టి ఉంచుతాయి, అలల ఉద్ధృతిని తగ్గిస్తాయి, రొయ్యలకు, చేపపిల్లలకు నీడనిస్తాయి.

సముద్రానికి మడ అడవి ఎలాగో, వాననీటికి చెరువు అలాగే. మాదాపూర్‌లో 1998లో సైబర్ టవర్స్ వెలసింది. దుర్గం చెరువు అంతకు ఎన్నో తరాల ముందుది. 2020 అక్టోబరు వానలకు హైదరాబాదులో నీరు తన పాత దారులనే వెదుక్కుంటూ కాలనీలలో చొరబడింది.

కనుక ఇల్లు కొనబోయే కుటుంబం ధరతోబాటు మరొకటి అడగాలి: ఈ నేల ఒకప్పుడు చెరువు శిఖమా? నాలా దారా? నీటి చోటును మనం ఆక్రమిస్తే, ఆ నీరు పొరుగువాని గడప తొక్కుతుంది.