పెద్దపులి – శంకునత్త



మేము కన్హా అడవుల దగ్గరి ఊరి నుంచి అండమాన్‌కు బదిలీ మీద వచ్చాం. అక్కడ చీకటి పడితే పిల్లలను బయటకు పంపేవాళ్లం కాదు. పులి భయం! ఇక్కడ మొదటి ఆదివారమే సముద్రపు ఒడ్డుకు వెళ్లి, "ఇక్కడ పులులు లేవు, హాయిగా ఆడుకోండి" అని పిల్లలను వదిలేశాం. మా అబ్బాయి నీళ్లలో మెరుస్తున్న ఒక అందమైన పెంకును తీయబోయాడు. "ముట్టుకోకు బాబూ!" అని తెలుగులో కేక వినిపించింది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక మత్స్యకారుడు వల వదిలేసి పరుగెత్తుకొచ్చాడు.

అది శంకునత్త. మీరు గణితంలో చదివే శంకువు ఆకారంలో దాని పెంకు ఉంటుంది. ఇంగ్లీషులో కోన్ స్నెయిల్ అంటారు. ఈ రెండు జంతువులనూ పోల్చి చూద్దాం.

ఆకారం: మగ పెద్దపులి 200 కిలోలకు పైగా తూగగలదు. శంకునత్త సాధారణంగా మన అరచేతిలో ఇమిడిపోతుంది. దానికి ఎముకలు లేవు. మెత్తని ఒంటికి పెంకే రక్ష.

వేట: రెండూ మాంసాహారులే. పులి పొదల చాటున నక్కి, ఒక్కసారిగా దూకి మెడ పట్టుకుంటుంది. శంకునత్తల్లో చాలా రకాలు పురుగులను తింటాయి. కొన్ని చేపలను పడతాయి. నత్త చేపను తరమలేదు కదా! అందుకే నీటిలో వాసన పట్టి, తొండాన్ని మెల్లగా చాపుతుంది. దాని చివర బాణం లాంటి బోలు పన్ను ఉంటుంది. అది గుచ్చుకుంటే విషం ఎక్కి, చేప క్షణాల్లో కదలలేకపోతుంది. ఒక పన్ను ఒక్కసారికే. తర్వాతి వేటకు కొత్తది సిద్ధంగా ఉంటుంది.

హెచ్చరిక: పులి కదిలితే దుప్పులు, కొండముచ్చులు అరుస్తాయి. నత్త వస్తే అరిచేవారు లేరు. జియోగ్రఫీ కోన్ అనే రకం కుట్టి మనుషులు చనిపోయారు. ఆ విషానికి విరుగుడు లేదు.

మేలు: అలాగని వీటిని చంపకూడదు. మన దేశంలో పులుల రక్షణ పథకం 1973లో మొదలైంది. 2006 లెక్కలో 1,411గా ఉన్న పులులు 2022 నాటికి 3,682 అయ్యాయి. మరో రకం శంకునత్త విషంలోని పదార్థం ఆధారంగా జైకోనోటైడ్ అనే మందు తయారైంది. తీవ్రమైన నొప్పికి వాడే ఈ మందుకు 2004లో అమెరికాలో అనుమతి లభించింది.

పిల్లలూ, బదిలీ అయినప్పుడు మనం సామాన్లతో పాటు పాత ఊరి భయాలనూ మోసుకెళ్తాం. కొత్త ఊరి జాగ్రత్తలు మాత్రం అక్కడివారే చెప్పాలి. అడగడానికి సిగ్గుపడకండి. ఖాళీ పెంకే అనుకుని దేన్నీ జేబులో వేసుకోకండి.

అభ్యాసం

1. "నత్త కంటే పులి పెద్దది." ఇలా 'కంటే' వాడి మూడు వాక్యాలు రాయండి.
2. మీ ఊళ్లో ముట్టుకోకూడని ఒక మొక్క లేదా జంతువు గురించి స్థానికులను అడిగి, ఐదు వాక్యాలు రాయండి.