యాస ఉండొచ్చు... మాట తెలియాలి!

క్యాంపస్ ఇంటర్వ్యూలు దగ్గరపడుతుంటే జిల్లాల నుంచి వచ్చిన విద్యార్థుల్లో ఒకటే గుబులు. ‘మా ఊరి యాస బయటపడితే ఉద్యోగం రాదేమో’ అని. ఆ భయంతో కొందరు గ్రూప్ డిస్కషన్‌లో నోరే విప్పరు. ఇంకొందరు వేలకు వేలు పోసి, అమెరికన్ యాస నేర్పిస్తామనే కోర్సుల్లో చేరతారు. రెండింటివల్లా నష్టమే. చూసుకోవాల్సింది ఒక్కటే: మనం చెప్పింది ఎదుటివారికి ఒక్కసారికే అర్థమవుతోందా, లేదా?

మార్కులు దేనికి?

విదేశీ చదువులకు రాసే ఐఈఎల్‌టీఎస్‌నే తీసుకోండి. స్పీకింగ్ విభాగంలో నాలుగు అంశాలు చూస్తారు: తడబడకుండా పొందికగా మాట్లాడటం, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ. నాలుగింటికీ సమాన ప్రాధాన్యం. ఉచ్చారణ కింద కూడా మీ మాట ఎంత సులువుగా అర్థమైందన్నది ముఖ్యంగా చూస్తారు. బ్రిటిష్ వారిలా పలకాలన్న నిబంధన ఎక్కడా లేదు.

సివిల్స్ ఇంటర్వ్యూకు 275 మార్కులు. దాన్ని తెలుగులోనూ ఇవ్వొచ్చు. శ్రీకాకుళం జిల్లాకు చెందిన రోణంకి గోపాలకృష్ణ 2016 సివిల్స్‌లో తెలుగులోనే ఇంటర్వ్యూకు హాజరై, జాతీయస్థాయిలో 3వ ర్యాంకు సాధించారు.

ఏ ఉద్యోగానికి ఎంత?

సాఫ్ట్‌వేర్, కోర్ ఇంజినీరింగ్, ఫైనాన్స్: యాస అడ్డంకి కాదు. చేసిన ప్రాజెక్టు గురించి స్పష్టంగా, వరసగా చెప్పగలిగితే చాలు.

ఇంటర్నేషనల్ వాయిస్ ప్రాసెస్ (విదేశీ కస్టమర్లతో ఫోన్‌లో మాట్లాడే కాల్ సెంటర్ పని): ఇక్కడ పట్టింపు ఎక్కువే. మాతృభాష ప్రభావాన్ని ఈ రంగంలో ‘ఎంటీఐ’ అంటారు. అది ఎంత ఉందో చూడటానికి ‘వాయిస్ అండ్ యాక్సెంట్’ రౌండ్ పెడతారు. ఎంపికయ్యాక శిక్షణ ఇచ్చే కంపెనీలూ ఉన్నాయి. అయితే పరిస్థితి మారుతోంది. మన దేశంలోని ఉద్యోగుల ఇంగ్లిష్ యాసను కాల్ నడుస్తుండగానే మార్చి వినిపించే ‘సనాస్’ సాఫ్ట్‌వేర్‌ను కాల్ సెంటర్ల సంస్థ టెలీపెర్ఫార్మెన్స్ వాడుతున్న సంగతి 2025లో వార్తల్లోకి వచ్చింది. యాస పని యంత్రం చూసుకుంటే, కస్టమర్ సమస్యను విని పరిష్కరించే నేర్పుకే విలువ పెరుగుతుంది.

వార్తా పఠనం, డబ్బింగ్: ల-ళ, న-ణ, శ-ష-స తేడాలు, ఒత్తులు కచ్చితంగా పలకాలి. ఈ రంగంలోకి వెళ్లాలనుకుంటే సాధన తప్పదు. అలాగని యాసకు చోటే లేదనుకోవద్దు. వీ6 ఛానల్ ‘తీన్మార్ వార్తలు’ జనాన్ని ఆకట్టుకున్నది తెలంగాణ మాటతోనే.

వైద్యం, బ్యాంకింగ్, వ్యవసాయ శాఖ: ఇక్కడ యాసే బలం. జలుబును ఒకచోట పడిశం అంటారు, మరోచోట రొంప, ఇంకోచోట సర్ది. చిలగడదుంప కొన్ని ప్రాంతాల్లో గెనుసుగడ్డ, కొన్ని ప్రాంతాల్లో కందగడ్డ. ఈ మాటలన్నీ తెలిసిన నర్సుకు రోగి బాధ త్వరగా అర్థమవుతుంది. అధికారి తమ మాటే మాట్లాడితే రైతు మొహమాటపడకుండా అడుగుతాడు.

సరిచేసుకోవాల్సినవి

ఇంగ్లిష్ మాట్లాడేటప్పుడు తెలుగువారికి ఎదురయ్యే ఇబ్బందులు కొన్నే. వాటిని పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

• చివర అచ్చు: తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. అందుకే ఇంగ్లిష్ మాటల చివరా ‘ఉ’ చేరి వర్కు, టెస్టు, టీము అయిపోతాయి. చివరి హల్లు దగ్గరే ఆగడం అలవాటు చేసుకోండి.

• మొదట య, వ: ఎగ్జామ్‌ను ‘యెగ్జామ్’ అనీ, ఓన్లీని ‘వోన్లీ’ అనీ పలుకుతుంటాం. గమనించుకుంటే త్వరగానే పోతుంది.

• జెడ్ శబ్దం: జీరో, జోన్ లాంటి మాటల్లో ‘జ’ పలుకుతాం. అసలు శబ్దం ‘స’ పలికే చోటే, గొంతు కలిపి పలకాలి. ఉర్దూ వింటూ పెరిగిన హైదరాబాదీలకు ఇది తేలికే.

• ఊనిక: తెలుగులో అక్షరాలన్నీ దాదాపు ఒకే బరువుతో పలుకుతాం. ఇంగ్లిష్‌లో ఒక భాగాన్ని నొక్కుతారు. ‘ఫొటోగ్రాఫ్’లో మొదటి భాగాన్ని, ‘ఫొటోగ్రఫీ’లో రెండో భాగాన్ని. ఊనిక మారితే తెలిసిన మాటే విదేశీయులకు కొత్తగా వినిపిస్తుంది.

• అంకెలు: ఫోన్‌లో ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఒకేలా వినిపిస్తాయి. పదిహేను లైసెన్సులు అడిగితే యాభైకి బిల్లు వెళ్లే ప్రమాదం ఉంది. ‘ఫిఫ్టీన్... వన్ ఫైవ్’ అని విడమరిచి చెప్పి, మెయిల్‌లో మళ్లీ రాయండి.

నెల రోజుల సాధన

మొదటి రోజు మీ పరిచయాన్ని, ప్రాజెక్టు వివరాన్ని రెండు నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేయండి. దాన్ని వేరే జిల్లా మిత్రుడికో, వీలైతే వేరే రాష్ట్రం వారికో పంపి, అర్థం కాని చోట్లు రాసివ్వమనండి. వాటిలోంచి వారానికి ఒక లోపం చొప్పున ఎంచుకోండి. రోజూ పావుగంట ఆకాశవాణి ఇంగ్లిష్ వార్తలు వింటూ, విన్న వాక్యాన్ని వెంటనే పైకి అనండి. సందేహం వచ్చిన మాటను ఆన్‌లైన్ నిఘంటువులో విని సరిచూసుకోండి. నెలాఖరున అదే పరిచయాన్ని మళ్లీ రికార్డు చేసి అదే మిత్రుడికి వినిపించండి. ఈసారి ఆయన రాసిచ్చే జాబితా ఎంత తగ్గిందో అదే మీ ప్రగతి.

ఎవరైనా నవ్వితే?

ఇంటర్వ్యూలో మాట అర్థం కాలేదంటే కంగారుపడొద్దు. ‘మళ్లీ చెబుతాను’ అని అదే విషయాన్ని చిన్న వాక్యాల్లో, నిదానంగా చెప్పండి. అరువు యాస మొదలుపెడితే మాత్రం కష్టం. రెండో ప్రశ్నకే అది జారిపోతుంది, దానితోపాటు చెప్పాల్సిన విషయమూ జారిపోతుంది.

ఇక యాసను వెక్కిరించేవారి సంగతి. మనిషి తెలివిని అతని జిల్లా మాటతో కొలవడం అన్యాయం. అలా నవ్వేవారిది తప్పు, మీది కాదు. ప్రజల పలుకుబడికి గౌరవం కావాలన్న కవి కాళోజీ పుట్టినరోజైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ గౌరవాన్ని ఆఫీసులోనూ నిలబెట్టాలి. రేపు మీరే టీమ్ లీడర్ అయితే, కొత్తగా చేరిన వారి యాస మీద జోకులు పడకుండా చూసే బాధ్యత మీదే.

కాబట్టి ఇంటర్వ్యూ ముందురోజు యాసను ఎలా దాచాలా అని మథనపడొద్దు. మీ ప్రాజెక్టును మూడు వాక్యాల్లో ఎలా చెప్పాలో సిద్ధం చేసుకోండి. ఉద్యోగం తెచ్చిపెట్టేది అదే.