ముఖకవళికలు: కంప్యూటరుపై వ్యంగ్యచిత్ర లేఖనము

మనస్సులోని భావము మాటకంటె ముందుగా ముఖమున తోచును. బడినుండి వచ్చిన బిడ్డను చూచి "ఏమిరా, ముఖము అట్లున్నది?" అని తల్లి అడుగును. బిడ్డ నోరు విప్పకమునుపే ఆమె వాని కనుబొమ్మలను, పెదవుల కొనలను చదివినది. ఆ చదువును గీతలలో నిలుపుటయే వ్యంగ్యచిత్రకారుని పని. ఆ విద్యను కంప్యూటరు సాయమున అభ్యసించు విధమును ఈ పాఠమున తెలిసికొందము.

పూర్వులు గమనించిన విషయములు

భరతముని నాట్యశాస్త్రమున చూపులను 36 విధములుగను, కనుబొమ్మల కదలికలను 7 విధములుగను విభజించెను. 1845లో జెనీవా నగరమందలి రొడోల్ఫ్ టొప్ఫేర్ అను ఉపాధ్యాయుడు ముఖలేఖనమును గూర్చి ఒక చిన్న గ్రంథమును ప్రకటించెను. ఎంత వంకరగా గీసిన ముఖమైనను ఏదో ఒక భావమును చూపక మానదనియు, గీతలను కొద్దికొద్దిగా మార్చి చూచుటయే ఈ విద్యకు మార్గమనియు ఆయన మతము. 1872లో డార్విన్ పండితుడు సంతోషము, దుఃఖము, కోపము మొదలగు ముఖ్యభావములు దేశదేశములందును దాదాపు ఒకే తీరున ముఖమున కనబడునని వాదించెను.

మనకు సమీపమున మైసూరులో 1921లో జన్మించిన ఆర్.కె. లక్ష్మణ్, 1951 నుండి టైమ్స్ ఆఫ్ ఇండియా పత్రికలో "సామాన్య మానవుని" చిత్రించుచు వచ్చెను. ఆ సామాన్యుడు మాటలాడడు. అతని మౌనమును ముఖమే పూరించును. తెలుగువారిలో తలిశెట్టి రామారావు వ్యంగ్యచిత్రములకు ఆద్యుడని ప్రసిద్ధి. నరసాపురమున 1933లో జన్మించిన బాపు నాలుగు గీతలతోనే నిండైన ముఖమును సృష్టించుటకు పేరుపొందెను.

పనిముట్టు

ఇంక్‌స్కేప్ అను చిత్రలేఖన సాధనము 2003 నుండి ఉచితముగా లభించుచున్నది. ఇది గీతను చుక్కల గుంపుగా గాక గణితరేఖగా దాచుకొనును. కావున చిత్రమును గోడపత్రికకు సరిపడునంత పెంచినను అంచు చెదరదు. గీసిన గీతను చెరపకయే వంచవచ్చును. టొప్ఫేర్ చెప్పిన "కొద్దికొద్ది మార్పు"నకు ఇంతకంటె అనువైనది లేదు.

తల్లిముఖము

మొదట ఏ భావమును లేని ముఖమును గీయవలెను. దీనిని తల్లిముఖమందము.

1. ఎఫ్5 మీట నొక్కి తల కొరకు నిలువు అండాకారమును గీయుము.
2. కంటికి తెల్లని చిన్న అండమును, దానిలో నల్లని చుక్కను ఉంచుము. రెంటిని ఎన్నుకొని కంట్రోల్, జి మీటలతో జతపరచుము. కంట్రోల్, డి మీటలు నొక్కిన రెండవ కన్ను సిద్ధమగును. అది మొదటి కంటిపైననే కూర్చుండును గనుక ప్రక్కకు లాగవలెను.
3. షిఫ్ట్, ఎఫ్6 మీటలతో కలమును తీసికొని రెండు చోట్ల నొక్కి ఎంటర్ కొట్టినచో ఒక సరళరేఖ వచ్చును. ఇదే కనుబొమ్మ. రెండవ కనుబొమ్మను, నోటిని ఇట్లే గీయుము.
4. ఎఫ్2 మీట నొక్కి రేఖ నడుమ పట్టి లాగినచో అది విల్లువలె వంగును. కొనలందలి బిందువులను లాగినచో వాలు మారును.

తల్లిముఖమును భద్రపరచి, దాని నకళ్లపైననే పని చేయవలెను.

భావములు, గీతలు

సంతోషము: పెదవి కొనలు పైకి లేచును. చెక్కిళ్లు ఉబ్బి క్రింది కనురెప్పను పైకి నెట్టును. నోటిని మాత్రమే వంచినచో అది మొగమోటపు నవ్వగును. నిజమైన నవ్వున కండ్లును పాల్గొనునని ఫ్రాన్సు వైద్యుడు డ్యూషెన్ 1862లోనే వ్రాసెను.

దుఃఖము: కనుబొమ్మల లోపలి కొనలు పైకి లేచును; పెదవి కొనలు దిగును.

కోపము: కనుబొమ్మల లోపలి కొనలు దిగి దగ్గరకు వచ్చును, పెదవులు బిగిసి తిన్నని గీతయగును.

ఆశ్చర్యము: కనుబొమ్మలు విల్లులవలె పైకెగయును, కంటి నల్లగ్రుడ్డు చుట్టును తెలుపు కనబడును, నోరు అండాకారమగును.

భయము: దీనిని ఆశ్చర్యమని భ్రమపడుట కలదు. భయమున కనుబొమ్మలు లేచినను ఒకదానికొకటి దగ్గరగును. నోరు ప్రక్కలకు సాగును.

ఇక కోపపు కనుబొమ్మల క్రింద నవ్వు నోటిని ఉంచి చూడుడు. కుటిలహాసము పుట్టును. కాబట్టి భావము ఒక్క అవయవమున గాక అవయవముల పొందికలో నుండునని గ్రహింపవలెను.

మన గనికార్మికుని ముఖము

తల్లిముఖమునకు గట్టి టోపీని, టోపీకి ముందు దీపమును చేర్చినచో గనికార్మికుడగును. చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు మించిన లోతునకు పోయినది. ఆ లోతునకు దిగుచున్న వాని ముఖమొకటి, పని ముగిసి పైకి వచ్చి బిడ్డలను చూచిన ముఖమొకటి, 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన నాటి ముఖమొకటి గీయుడు. టోపీయు దీపమును ఒక్కటే. కనుబొమ్మలును నోరును మాత్రమే మారును. మూడవ ముఖము కష్టము. అందు దుఃఖమొక్కటియే కాదు, రేపటిని గూర్చిన భయమును కలసియున్నది. గీయుటకు ముందు ఇంటిలోని తాతగారిని, ఇరుగుపొరుగు పెద్దలను అడిగి, వారు చెప్పునప్పుడు ముఖమును శ్రద్ధగా గమనింపుడు.

ముఖమునకు తగిన మాట

మన ప్రాంతమున ఒకే వీధిలో తెలుగు, కన్నడము, తమిళము, ఉర్దూ వినబడును. నవ్వుముఖమును అందరును గుర్తింతురు. కాని ఆ ముఖము క్రింద వ్రాయు మాట మాత్రము ఎవరి భాష వారిది. చిరునవ్వు, ముసిముసినవ్వు, వెకిలినవ్వు, ఎకసక్కెపు నవ్వు: ఈ నాలుగింటికి నాలుగు వేర్వేరు నోళ్లు గీయవలెను. కోపము వేరు, అలక వేరు. కోపగించినవాడు సూటిగా చూచును. అలిగినవాడు చూపును ప్రక్కకు త్రిప్పి, పెదవి ముందుకు పెట్టి, ఎవరైన వచ్చి బుజ్జగింతురని ఎదురుచూచును. అలక అను మాట తెలిసిన బిడ్డయే ఆ భేదమును పట్టగలడు. మాట మరచినచో ఆ ముఖమును చూచు చూపు కూడ మొద్దుబారును. తల్లిదండ్రులు ఇంటిలో ఇట్టి మాటలను వాడుచుండినచో బిడ్డ భాషయు, బొమ్మయు రెండును బాగుపడును.

ఒక హెచ్చరిక

వ్యంగ్యచిత్రము నవ్వించవలెను, నొప్పింపరాదు. లోభమును, డాంబికమును, సోమరితనమును ఎగతాళి చేయవచ్చును. ఒకని మేనిరంగును, అంగవైకల్యమును, మాటయాసను ఎగతాళి చేయరాదు. నలుగురు నాలుగు భాషలు మాటలాడు తరగతిలో ఈ నియమము మరింత ముఖ్యము. మన యాసను చూచి ఇతరులు నవ్విన మనకెట్లుండునో తలచుకొన్న చాలును.

అభ్యాసము

1. ఒకే నోటిని ఉంచి, కనుబొమ్మలను మాత్రము మార్చి ఐదు ముఖములు గీయుము. ప్రతిదానికి ఒక తెలుగుమాట వ్రాయుము.
2. అలక, కోపము, చిరాకు: ఈ మూడింటికి గల భేదమును గీతలలో చూపుము.
3. నవ్వునకు, ఏడ్పునకు మీ యింటి పెద్దలు వాడు పది మాటలను సేకరించి, వానిలో మూడింటిని చిత్రింపుము.
4. నీవు గీసిన ముఖమును మాట చెప్పక తెలుగు రాని మిత్రునికి చూపుము. అతడు భావమును సరిగా చెప్పనిచో ఏ గీతను మార్చవలెనో ఆలోచించి సవరింపుము.