మంత్రగత్తె అన్న నింద వెనుక ఆస్తి లెక్క

మంత్రగత్తె అనగానే మనకు పిల్లల కథల్లోని ముసలమ్మ గుర్తుకు వస్తుంది. కానీ ఆ నింద మీదే కోర్టులు విచారణ జరిపి, ఆడవాళ్ళను ఉరితీసిన కాలం ఒకటుంది. అది 17వ శతాబ్దం. అమెరికాలోని న్యూ ఇంగ్లాండ్ అప్పుడు ఇంగ్లాండు వలస ప్రాంతం. అక్కడి ప్యూరిటన్ క్రైస్తవులు బైబిల్ పాత నిబంధనను ఆధారం చేసుకుని చేతబడికి మరణశిక్ష విధించే చట్టాలు చేసుకున్నారు. (సజీవ దహనం చేశారని చాలామంది అనుకుంటారు. అక్కడ వేసింది ఉరిశిక్షే.)

ఈ విచారణలపై కారొల్ కార్ల్‌సెన్ అనే చరిత్రకారిణి పరిశోధించి 1987లో ఒక పుస్తకం ప్రచురించారు. నింద ఎవరి మీద పడింది, వాళ్ళ ఇంట్లో ఆస్తికి వారసులెవరు అని ఆమె పాత రికార్డులు తిరగేశారు. 1620 నుండి 1725 వరకు నిందితులు కనీసం 344 మంది. ఆడో మగో తెలిసిన 342 మందిలో 267 మంది స్త్రీలు. కుటుంబ వివరాలు దొరికిన 158 మంది స్త్రీలలో 96 మంది అన్నదమ్ములో కొడుకులో లేని ఇళ్ళవాళ్ళు. అంటే ఆస్తి తండ్రి నుండి కొడుక్కి పోకుండా ఆడదాని చేతికి వచ్చిన, లేదా రాబోతున్న ఇళ్ళు. పేదరాళ్ళ మీదా నిందలు పడ్డాయి, కాబట్టి ఆస్తి ఒక్కటే కారణమని చెప్పలేం. కానీ ఈ లెక్కను పక్కన పెట్టడం కుదరదు.

కనెక్టికట్‌లోని వెదర్స్‌ఫీల్డ్ ఊరి కేథరీన్ హారిసన్ కథ చూడండి. ఒకప్పుడు ఆమె పనిమనిషి. 1666లో భర్త చనిపోతూ ఆమెకూ, ముగ్గురు కూతుళ్ళకూ 929 పౌండ్ల ఆస్తి వదిలాడు. అప్పట్లో అది పెద్ద సొమ్మే. అంతే, ఊళ్ళో వేధింపులు మొదలయ్యాయి. ఎడ్లను గాయపరిచారు, ఆవు నడుము విరగగొట్టారు, పంట పాడుచేశారు. ఆమె ఇవన్నీ రాసి కోర్టుకు అర్జీ పెట్టుకుంది. మరోవైపు ఆమె మీదే చేతబడి కేసు నడిచింది. సాక్ష్యాలేమిటంటారా? జోస్యం చెప్పేదట. మామూలు మనిషి వడకలేనంత నూలు వడికేదట! పనిమంతురాలు కావడమూ నేరమే అయింది. 1669లో జ్యూరీ దోషి అని తేల్చింది. న్యాయాధికారులు మాత్రం మతగురువులను సలహా అడిగి, ఒకే సంఘటనకు ఇద్దరు సాక్షులుండాలన్న నియమం దగ్గర ఆగారు. 1670లో ప్రాణాలతో వదిలారు, కానీ ఊరు విడిచి వెళ్ళమన్నారు. ఆమె న్యూయార్క్ వైపు వెళ్ళిపోయింది.

మన పల్లెల్లో కూడా బాణామతి, చేతబడి నిందలు విన్నవాళ్ళమే మనమంతా. అలాంటి మాట చెవిన పడితే, ఆ ఇంటికి పొలం తగాదా ఏమైనా ఉందా అని ముందు అడగమని మా తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు చెబుతాం.

1692లో సేలంలో 19 మందిని ఉరితీశారు. వారిలో 14 మంది స్త్రీలు. ఆ కేసుల్లోనే 1693లో ఎలిజబెత్ జాన్సన్ అనే యువతికి మరణశిక్ష పడింది. గవర్నరు ఆపడంతో బతికింది గానీ, దోషి అన్న ముద్ర పోలేదు. 1711లో చాలామంది శిక్షలు రద్దు చేసిన జాబితాలో ఆమె పేరు లేదు. పెళ్ళి, పిల్లలు లేని మనిషి కాబట్టి తర్వాత ఆమె తరఫున అడిగే వారసులు కూడా లేకపోయారు. చివరికి నార్త్ ఆండోవర్ ఊళ్ళో 8వ తరగతి పిల్లలు, తమ టీచరుతో కలిసి పాత కాగితాలు వెతికి, చట్టసభ సభ్యులకు ఉత్తరాలు రాశారు. 2022 జూలైలో మసాచుసెట్స్ రాష్ట్రం ఆమెను నిర్దోషిగా ప్రకటించింది.