నాయకత్వము అలవడుట ఎట్లు?

ప్రశ్న: ఇటీవల మా కార్యాలయమున నన్ను సెక్షను అధికారిగా నియమించిరి. నిన్నటి సహోద్యోగులే నేడు నా క్రింద పనిచేయుచున్నారు. వారి విశ్వాసమును పొందుటెట్లు?

జవాబు: అధికారము ఉత్తరువుతో వచ్చును గాని, విశ్వాసము నడవడిచేతనే లభించును. 1979 ఆగస్టు 10న శ్రీహరికోటలో ఎస్.ఎల్.వి.-3 అను ఉపగ్రహ వాహనము యొక్క తొలి ప్రయోగము విఫలమైనపుడు ఇస్రో అధ్యక్షులు సతీష్ ధావన్ గారు పత్రికలవారి యెదుట ఆ బాధ్యతను తామే వహించి, మరుసటి యేడు జూలై 18న అదే తరహా వాహనము రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపినపుడు, పత్రికలవారితో మాటాడు గౌరవమును ప్రాజెక్టు నిర్దేశకులైన అబ్దుల్ కలాం గారికి విడిచిరి. మీరును, ఫైలులో తప్పు దొరలినపుడు పై అధికారికి మీరే సమాధానము చెప్పి, పిదప ఆ తప్పు చేసిన గుమాస్తాను ఏకాంతమున కూర్చుండబెట్టుకొని సవరణను నేర్పుడు. పని చక్కగా నెరవేరినపుడు, చేసినవారి పేరును నివేదికలో వ్రాయుడు. చనువును తగ్గించుకొన నక్కరలేదు; పక్షపాతమును మాత్రము దరిచేరనీయకుడు.